తనవారెవరు? సూరతు నగరచరిత్రలో ఒక విచారణ

మానవునకును ఇతర జంతువులకును గల భేద మెట్టిది? ఈ ప్రశ్న మన దేశమున క్రొత్తది కాదు. ఆకలి, నిద్ర, భయము, సంతానేచ్ఛ అనునవి మనుష్యునకును పశువునకును సమానములే యనియు, ధర్మ మొక్కటియే మనుష్యునియందు విశేషమనియు హితోపదేశము బోధించుచున్నది. సమాధానము చక్కగనే యున్నది. కాని ఆ ధర్మ మేది, అది మనుష్యుని మనస్సులో నే రూపమున నుండును, పశువున కది యేల లేదు అను ప్రశ్నలు అచ్చటనే మొదలగుచున్నవి. 1844వ సంవత్సరమున పశ్చిమతీరమునకు సమీపమున నున్న సూరతు నగరములో కొందఱు విద్యాధికులు కూడి ఒక సభను స్థాపించి, దానికి ‘మానవధర్మసభ’ అని పేరిడిరి. మానవుడు మానవుడగుటచేతనే యతనికి చెందిన ధర్మ మొకటి కలదని ఆ పేరు చాటుచున్నది. ఆ సభయొక్క కథయు, దానికి పూర్వమును తరువాతను అదే నగరమున జరిగిన మఱికొన్ని సంగతులును ఈ ప్రాచీన ప్రశ్నకు కొంత వెలుగు నిచ్చునని నా విశ్వాసము.

మొదట ప్రకృతిశాస్త్రజ్ఞులు చెప్పుదానిని వినుట మంచిది. మనుష్యుడు పనిముట్లను చేయు జంతువు అని కొందఱు నిర్వచించిరి. కాని 1960లో జేన్ గుడాల్ ఆఫ్రికాలోని గోంబె అడవులయందు చింపాంజీలు కొమ్మరెమ్మల ఆకులు దూసి, ఆ పుల్లలను పుట్టలలో దూర్చి చెదపురుగులను పైకి దీసి తినుటను చూచెను. మనుష్యుడు యోచించు జంతువు అనిరి. కాని అంతకు పూర్వమే, మొదటి ప్రపంచయుద్ధకాలమున, కోహ్లర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు పెట్టెపై పెట్టె నెక్కించి పైన వ్రేలాడు అరటిపండు నందుకొను చింపాంజీలను వర్ణించియుండెను. తన్ను తా నెఱుగుట మనుష్యునకే సాధ్య మనిరి. 1970లో గాలప్ అను నతడు చింపాంజీల ముఖములపై రంగు పూసి అద్దము చూపగా, అవి అద్దమును తాకక తమ ముఖమునే తడవుకొన్నవి. 2006లో ఒక ఏనుగును ఈ పరీక్షలో నెగ్గినట్లు ప్రకటింపబడినది. మనుష్యుడు తన చుట్టును కట్టుకొన్న గోడలలో ఒక్కొక్క యిటుకయే యిట్లు రాలుచు వచ్చినది.

1871లో వెలువడిన ‘మానవుని అవతరణము’ అను గ్రంథమున డార్విన్ పండితుడు ఈ సంగతిని ముందుగనే యూహించెను. మనుష్యుని మనస్సునకును ఉన్నతజంతువుల మనస్సునకును గల భేదము పరిమాణమున నున్నదే కాని జాతియందు లేదని యతని మతము. అయినను భేదములన్నిటిలోను ముఖ్యమైనది ధర్మాధర్మవివేకమే, అనగా అంతరాత్మయే యని యతడును ఒప్పుకొనెను. హితోపదేశకారుడును డార్వినును ఒక్కచోటనే వచ్చి నిలిచిరి. డార్విన్ ఇంకొక మాటయు చెప్పినాడు. సానుభూతి మొదట తన గుంపునకు, పిదప తన దేశమునకు, ఆ పిదప సమస్తమానవులకు వ్యాపించుననియు, మనుష్యేతర ప్రాణులపై దయ మిక్కిలి ఆలస్యముగా అలవడు గుణములలో నొకటియనియు అతని అభిప్రాయము. ఈ క్రమమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. సూరతు చరిత్ర దీనిని తలక్రిందులు చేయుచున్నది.

జంతువులకు ప్రేమ లేదని యెవరనగలరు? కుక్క తన పిల్లలను కాచును. ఏనుగుల మంద చచ్చిన తోడిదానిని చుట్టి నిలుచును. తల్లి లేని పిల్లను మఱొక జాతి తల్లి పాలిచ్చి పెంచిన సందర్భములును కలవు. తనవారు, పరులు అను భేద మన్నింటికిని తెలిసినదే. కాని తనవారు ఎంతవఱకు అను ఎల్లను ఏ జంతువును మాటలతో గీయదు. గీసినదానిని గూర్చి తోడిదానితో వాదింపదు. నిన్నటి గీత తప్పని నేడు పశ్చాత్తాపపడదు. మనుష్యుడు ఈ మూడును చేయును. భాష, ఊహ, స్మృతి, ఇతరుని మనస్సును తెలిసికొను శక్తి, నలువురు కలిసి ఒక సంకల్పము చేసికొను శక్తి, ఇవి యన్నియు ఒకచో కూడినప్పుడు ఆ గీతను చెఱిపి మరల వ్రాయగల సామర్థ్యము పుట్టుచున్నది. మానవుని మనస్సునకు గల ప్రత్యేకత నాకు తోచినంతవఱకు ఇదియే. ఈ సామర్థ్యము మంచికిని ఉపయోగపడును, చెడ్డకును ఉపయోగపడును.

ఇక సూరతునకు వత్తము. తాపీనది ఒడ్డున, సముద్రమునకు కొలదిదూరమున నున్న ఈ రేవు మొగలుల కాలమున హిందూదేశమునకు పడమటి ద్వారముగ నుండెను. మక్కాయాత్రికులు ఇచ్చటనే ఓడ లెక్కెడివారు. 1608లో ఇంగ్లీషువారి మొదటి నౌక ఈ నది ముఖమునకు వచ్చి చేరెను. వైష్ణవ వణిజులు, జైనులు, బోహ్రాలు, పారసీకులు, ఆర్మీనియనులు, డచ్చివారు, ఇంగ్లీషువారు ఒకే బజారున బేరము లాడుచు, ఎవరి వీధిలో వారు, ఎవరి యాచారము ననుసరించి వారు జీవించుచుండిరి. ఇట్టి నగరమున విదేశీయులను మిగుల ఆశ్చర్యపఱచినది కోటయు కాదు, రేవును కాదు. జంతువులకై వణిజులు నడపుచుండిన వైద్యశాల. గుజరాతీభాషలో దీనిని ‘పాంజరాపోళ్’ అందురు. మనము పంజరమనెడి మాటయు, ఆవరణమను నర్థము గల ‘పోళ్’ అను మాటయు కలిసినవి.

ఇంగ్లీషు వర్తకుల మతాచార్యుడైన జాన్ ఓవింగ్టన్ 1690లో సూరతునకు వచ్చెను. అతని యాత్రాగ్రంథము 1696లో లండనున అచ్చయ్యెను. ఆవులు, గుఱ్ఱములు, మేకలు, కుక్కలు మొదలగువానిలో రోగముచేతగాని వార్ధకముచేతగాని పనికిరానివానిని అచ్చట పోషించుచుండిరని యతడు వ్రాసినాడు. దాదాపు తొంబదియేండ్లకు పిదప జేమ్స్ ఫోర్బ్స్ అను కంపెనీ యుద్యోగియు దానిని చూచి, 1813లో ప్రకటించిన తన ‘ప్రాచ్యస్మృతులు’ అను గ్రంథమున వర్ణించెను. ఎత్తైన గోడల నడుమ విశాలమైన స్థలము. అందు వేఱువేఱు ప్రాణులకు వేఱువేఱు శాలలు. గుఱ్ఱములు, కంచరగాడిదలు, ఎద్దులు, గొఱ్ఱెలు, కోతులు, పావురములు. వానితోపాటు డెబ్బదియైదేండ్లుగా అచ్చటనే యున్నదని చెప్పబడిన ఒక ముసలి తాబేలు. కాలు విఱిగిన జంతువును దాని యజమానుడు తెచ్చి యప్పగింపవచ్చును. అతడు ఏ దేశమువాడు, ఏ కులమువాడు అని యడుగరు. రోగిని ఎన్నడును త్రిప్పి పంపరు. కోలుకొన్న జంతువును తిరిగి యజమానున కీయరు. అది యచ్చటనే యుండి, కదలలేని తోడి జంతువులకు నీరు తోడు పని చేయును.

ఈ చివరి రెండు నియమములు నన్ను చాల కాలమునుండి ఆలోచింపజేయుచున్నవి. జబ్బుపడిన ఎద్దును తెచ్చిన మనుష్యుని కులము నడుగని నగరములో, అదే మనుష్యుడు దాహమై వచ్చినచో కులము నడుగక నీరు పోయువారు అరుదు. తాబేలునకు డెబ్బదియైదేండ్లు ఆశ్రయ మిచ్చిన గోడలకు వెలుపల మనుష్యునకు మనుష్యుడే అంటరానివాడుగ నుండెను. దీనిని వంచన యని తేలికగ త్రోసివేయుట న్యాయము కాదు. ఆ వణిజుల దయ నిజమైన దయయే. దానికై వారు తమ వ్యాపారములనుండి తామే చందాలు విధించుకొనిరి. ఆ దయకు చక్కని తాత్త్వికాధారము కూడ కలదు. జైనులు జీవులను ఇంద్రియముల సంఖ్యనుబట్టి వర్గీకరింతురు. నల్లి, పేను మొదలైనవి మూడింద్రియముల జీవులు. అయిదింద్రియములు కలవానిలోను మనస్సు కలవి, మనస్సు లేనివి అని రెండు తెగలు. వారి శాస్త్రము మనస్సును మనుష్యునకు మాత్రమే పరిమితము చేయక పశుపక్ష్యాదులకును ఇచ్చినది. మోక్షము నందుకొనగల జన్మము మాత్రము మనుష్యజన్మమే. ఆధునిక శాస్త్రజ్ఞులు ఇప్పుడు అద్దములు పట్టుకొని చేరుచున్న చోటునకు ఆ పండితులు మఱొక త్రోవను చేరియుండిరి.

ఈ సంప్రదాయము జైనులతోనే మొదలైనదనియు చెప్పరాదు. మనుష్యులకును పశువులకును చికిత్స యేర్పాటు చేసితినని అశోకచక్రవర్తి తన రెండవ శిలాశాసనమున ప్రకటించెను. ఆ శాసనము గుజరాతులో గిర్నారు కొండవద్దను కలదు. మన కర్నూలు ప్రాంతములోని ఎఱ్ఱగుడి బండపైనను కలదు. అశోకుడు రెండు చికిత్సలను ఒక్క వాక్యమున చెప్పినాడు. మనుష్యుని విడిచి పశువును పట్టుకొనలేదు, పశువును విడిచి మనుష్యుని పట్టుకొనలేదు. ఆ వాక్యములోని మొదటి సగము సూరతునకు వచ్చునప్పటికి కొంత మఱుగుపడినది.

ఎంతగా మఱుగుపడినదో ఓవింగ్టనును ఫోర్బ్సును చెప్పిన మఱొక సంగతివలన తెలియును. ఆ వైద్యశాలకు సంబంధించియే నల్లులు, పేలు మున్నగు పురుగులకు ఒక స్థానము కలదట. వానికి ఆహారము మనుష్యరక్తము గాన, అప్పుడప్పుడు ఒక బీదవానికి కూలి యిచ్చి, రాత్రియంతయు ఒక మంచముపై పరుండబెట్టెడివారట. కుట్టినపుడు బాధకు తాళలేక లేచిపోకుండ అతనిని కట్టివేయుట కూడ కలదని ఓవింగ్టన్ వ్రాయుచున్నాడు. విదేశీయులు ఇట్టి కథలను అతిశయోక్తులతో చెప్పుట సహజము. అంతమాత్రమున శతాబ్దము తేడాతో ఇరువురు చెప్పినదానిని కల్లయని త్రోసివేయుటయు కష్టము. నల్లి యాకలిని ఊహింపగలిగిన మనస్సు ఆ మంచముపై నున్న మనుష్యుని రాత్రిని ఊహింపలేదు. పులి లేడిని చంపును, కాని లేడిపై దయచే మఱొక పులిని కట్టి వేయదు. దయను ఇంత దూరము పంపగలుగుటయు, ఇంత దగ్గఱ నున్నవానిని మఱచుటయు మనుష్యునకే చెల్లినవి. దయ వ్యాపించు క్రమమున మనుష్యేతర ప్రాణులది కడపటి మెట్టని డార్విన్ తలచెను. సూరతులో కడపటి మెట్టు ముందుగ కట్టబడినది. నడిమి మెట్టు మిగిలిపోయినది.

ఆ నడిమి మెట్టును కట్టుటకు 1844లో ప్రయత్నము జరిగెను. అప్పటికి సూరతు పూర్వవైభవము తగ్గియుండెను. వ్యాపారము బొంబాయికి తరలిపోయినది. 1837లో ఘోరమైన అగ్నిప్రమాదమున వేలకొలది యిండ్లు దగ్ధమయ్యెను. అదే సంవత్సరమున తాపీనది వరద మిగిలినదానిని ముంచెను. ఇట్టి కాలమున దుర్గారామ్ మంఛారామ్ మెహతా అను నాగరబ్రాహ్మణుడు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడుగ నుండెను. అతడు 1809లో సూరతునందే జన్మించినవాడు. అచ్చుయంత్రము వచ్చిన క్రొత్తలోనే దాని బలమును గుర్తించి సూరతులో శిలాముద్రణయంత్రమును నెలకొల్పినవారిలో నొకడు. అతనికి దాదోబా పాండురంగ అను మహారాష్ట్ర వైయాకరణుడు తోడయ్యెను. దినమణిశంకర్, దలపత్‌రామ్, దామోదర్‌దాస్ అను మఱి మువ్వురు చేరిరి. అయిదుగురి పేర్లును దకారముతో మొదలగుటచే జనులు వారిని ఆ యక్షరముతోనే గుర్తించుచుండిరి. 1844 జూన్ 22న మానవధర్మసభ వెలసినది.

సభయొక్క ఆదర్శములు దాదోబా రచించిన ‘ధర్మవివేచన’ మను పుస్తకమున కనబడును. దేవు డొక్కడే; ప్రేమయు సదాచారమును ధర్మమునకు పునాదులు; ప్రతి మనుష్యునకును స్వతంత్రముగ ఆలోచించు హక్కు కలదు; మాటయు చేతయు వివేకమున కనుగుణముగ నుండవలెను; మానవులందఱిది ఒకే జాతి; సరియైన విద్య అందఱకును అందవలెను. నే డివి పాఠ్యపుస్తకములలోని వాక్యములవలె తోచవచ్చును. కాని అప్పటి సూరతులో నాలుగు వీధులు దాటినచో నీరు త్రాగుటకు నియమములు మాఱుచుండెను. సభ ఆదివారములందు కూడెడిది. మంత్రములచే మనుష్యులను చంపగలము, బ్రతికింపగలము అనుచు పొట్టపోసికొను మాంత్రికులను దుర్గారామ్ బహిరంగముగ సవాలు చేసెను: మీ శక్తిని సభలో చూపుడు. పిల్లల రోగములు మొదలు పంటల నష్టమువఱకు ప్రతిదానికిని మాంత్రికునే కారణముగ జూచు నగరమున ఇది చిన్న ధైర్యము కాదు. సభలో జరిగిన ప్రసంగములను అతడు దినచర్యగ వ్రాసియుంచెను. అతని పిదప మహీపత్‌రామ్ రూప్‌రామ్ 1879లో ప్రకటించిన ‘దుర్గారామ్ చరిత్ర’మునకు ఆ దినచర్యయే ఆధారము.

ఈ సందర్భమున అనువాదకుని బల్లమీది సంగతి యొకటి చెప్పుట యవసరము. ‘మానవులందఱిది ఒకే జాతి’ అను వాక్యము తెలుగున ఎంత సులభముగ వినబడుచున్నది! మనకు జాతి యనగా మనుష్యజాతి, పక్షిజాతి. లేదా ఆంధ్రజాతి వంటి జనసముదాయము. వివాహభోజనముల గోడకు మనము కులమందుము. హిందీలో జాతి యనగా ఆ గోడయే. కుల మనగా వంశము. గుజరాతీలో ఆ గోడకు ‘జ్ఞాతి’ యనియు, దాని తద్భవమైన ‘న్యాత్’ అనియు వ్యవహారము. మన తెలుగులోనో జ్ఞాతి యనగా మైలపట్టు దాయాది. ఒకే సంస్కృతపదము ఒక సీమలో ఇంటివానిని, మఱొక సీమలో వేలమందిని, ఇంకొక సీమలో సమస్త మానవులను చూపుచున్నది. ఆవునకును గుఱ్ఱమునకును జాతిభేదమును ప్రకృతి చేసినది; అవి రెండును కలిసి సంతానమును కనజాలవు. మనుష్యులలో జాతిభేదము అను మాట ఆ ప్రకృతిభేదమును అరువు తెచ్చుకొని, లేని గోడను ఉన్నదానివలె చూపుచున్నది. సూరతు సభ చేసిన పని ఒక విధమున నిఘంటువునకు సంబంధించిన పని: ఆ మాటను దాని సరియైన యర్థమునకు మరలించుట.

అయితే మాటను మరలించుట వేఱు, మనుష్యులను మరలించుట వేఱు. కులమును విమర్శించిన ఈ సభ కులనియమమును బహిరంగముగ నుల్లంఘించు కార్యమును చేపట్టలేదు. 1846లో దాదోబా బొంబాయికి మరలిపోయెను. 1852లో దుర్గారామ్ రాజకోటకు వెడలగా సభ నిలిచిపోయెను. దాదోబా మొదలగువారు 1849లో బొంబాయిలో స్థాపించిన ‘పరమహంసమండలి’ ఒక అడుగు ముందుకు వేసినది. అందు చేరువాడు క్రైస్తవుడు కాల్చిన రొట్టెను తినవలెను. కాని సమావేశములు రహస్యములు! 1860 ప్రాంతమున సభ్యుల పేర్లు గల పట్టిక దొంగిలింపబడి బయటపడగా మండలి చెల్లాచెదరయ్యెను. దేవు డొక్కడే యని వాదించినవారు, మాంత్రికుల నెదిరించినవారు, ఒక రొట్టెముక్కకు వెఱచిరి.

వారిని చూచి నవ్వుట సులభము. ఆ భయమెట్టిదో ఆలోచించినచో నవ్వు నిలువదు. మందనుండి తఱుమబడిన లేడి బ్రతుకదు. గుంపునుండి వెలివేయబడిన కోతి నిదురపోదు. కులమునుండి వెలి యనగా నూతినీరు, కూతురి పెండ్లి, చచ్చినపుడు నాలుగు భుజములు ఈ మూడును లేకపోవుట. మంద విడుచునను భయము మనుష్యునియందు జంతువునందు వలెనే, అంత గాఢముగనే యున్నది. భేదమేమనగా, లేడి తన భయమును పేరు పెట్టి పిలువలేదు. పరమహంసమండలివారు తమ భయమును ఎఱుగుదురు, అది తప్పనియు ఎఱుగుదురు, ఎఱిగియు తలుపు మూసికొనిరి. తెలిసినదానికిని చేయుదానికిని నడుమ నున్న ఈ దూరమును అనుభవించి సిగ్గుపడుట మానవుని మఱొక లక్షణము. ఆ సిగ్గే తరువాతి తరమును నడిపించినది. 1867లో ప్రార్థనాసమాజము తలుపులు తెఱచియే పని మొదలు పెట్టినది.

అదే సిగ్గును, అదే స్వవిచారణను సాహిత్యరూపమున నిలిపినవాడు సూరతుననే 1833లో పుట్టిన నర్మదాశంకరుడు, గుజరాతీయులు ప్రేమతో పిలుచు నర్మద్. పదునెనిమిదేండ్ల ప్రాయమున అతడు వ్రాసి చదివిన మొదటి వ్యాసము మండలిగ కూడుటవలన కలుగు లాభములను గూర్చినది. గుజరాతీగద్యమున వ్యాసప్రక్రియకు దానినే ఆరంభముగ చెప్పుదురు. పదిమంది ఒక్క సంకల్పమున కూడుట మనుష్యుని బలము అని యా యువకుడు మొట్టమొదటనే గ్రహించెను. 1858లో ఉపాధ్యాయోద్యోగమును వదలి, కలమే జీవికయని ప్రతిజ్ఞ చేసెను. 1864లో ‘డాండియో’ అను పత్రికను నడిపి నగరమునకు నిద్రాభంగము చేసెను. 1873లో ‘నర్మకోశ’ మను నిఘంటువును తానొక్కడే పూర్తిచేసి ప్రకటించెను.

కాని మన విషయమునకు ముఖ్యమైనది 1866లో అతడు రచించిన ‘మారీ హకీకత్’, అనగా నా నిజవృత్తాంతము. గుజరాతీ సాహిత్యమున ఇదియే మొదటి స్వీయచరిత్రగ గణింపబడుచున్నది. అతడు కొలది ప్రతులను మాత్రమే అచ్చువేయించెను; లోకమునకు పూర్తిగ అందినది 1933లో, అతని శతజయంతికి. తన తండ్రి, తన బాల్యము, తన పిఱికితనము, తన గర్వము, తన యప్పులు, దేనిని దాచక చెప్పుటకు పూనుకొనెను. చింపాంజీ అద్దములో తన ముఖముపై నున్న మచ్చను చూచి తుడుచుకొనగలదు. నలువది పుటలకు వెనుక తాను చేసిన పనిని నేటి తాను చూచి, దానికి రేపటి పాఠకుని తీర్పును కోరుట మఱొక అద్దము. ఆ అద్దము భాషతోను కాలముతోను చేయబడినది. మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించి, ఆ పిదప స్వీయచరిత్రమును వ్రాసినపుడు ఆంధ్రులకును అట్టి అద్దము లభించెను. ఇరువురును తెలియకయే ఒకే పని చేసిరి: సంఘమును విచారణకు పిలిచినవాడు తానును బోనెక్కవలెనని యెంచిరి.

నర్మదుని జీవితము సరళరేఖ కాదు. వితంతువివాహమును బోధించి తానును ఒక వితంతువును వివాహమాడెను. అప్పటికి ఇంట భార్య యుండెను. ఇరువదినాలుగేండ్ల ప్రతిజ్ఞను 1882లో విడిచి కుటుంబపోషణకై ఉద్యోగమున చేరవలసివచ్చెను. 1885లో వెలువడిన ‘ధర్మవిచార’ మున తన పూర్వపు సంస్కరణభావములను చాలవఱకు తానే ఖండించెను. మఱుసటి సంవత్సరము మరణించెను. ఈ మార్పును పతనమని కొందఱు, పరిణతి యని కొందఱు చెప్పుచున్నారు. వెనుకకు తిరిగినను అతడు మౌనముగ తిరుగలేదు. కారణములు చెప్పి, తన పూర్వవాదమునకు ఉత్తరమిచ్చి తిరిగెను. ఎల్లను గీయుటయు, చెఱుపుటయు, మరల గీయుటయు ఒక్క జీవితముననే చూపినాడు. ముందునకు పోవు శక్తి యున్నచోటనే వెనుకకు పోవు శక్తియు నున్నదని తెలిసికొనుట మనకును మంచిది.

పై సంగతులన్నియు పాతవి గదా యని పాఠకు డనవచ్చును. 1994 సెప్టెంబరులో సూరతున మహామారి పుట్టెనను వార్త వెలువడెను. ఎలుకలవలన వ్యాపించు ప్లేగు అను పేరు వినినంతనే నగరము వడకినది. నాలుగైదు దినములలో లక్షలాది జనులు రైళ్లపైనను లారీలపైనను పాఱిపోయిరి. వైద్యులును పలువురు తలుపులకు తాళములు వేసి వెడలిరి. పాఱినవారిలో ఎక్కువమంది మరమగ్గములవద్దను వజ్రపు సానలవద్దను పని చేయుటకు పరదేశములనుండి వచ్చినవారు. నిప్పు కన్న అడవిమృగము పాఱినట్లే పాఱిరి. అందు తప్పేమియు లేదు. కాని అన్ని తలుపులును మూసికొనలేదు. ప్రభుత్వ వైద్యశాలలో నిలిచినవారు కొందఱు కలరు. తమకు బంధువులు కానివారి మంచములవద్ద, తమకును రోగము రాగల దని యెఱిగియు, నిలిచిరి. మందనుండి విడిపోవుదునను భయమును, చావు భయమును గుర్తించి, వానికి మించినది కలదని నిర్ణయించుకొనుట యది.

పిదప జరిగినది కూడ గమనింపదగినది. 1995లో నగరపాలకాధికారిగ వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారులను ప్రతిదినము గదులనుండి వీధులలోనికి నడిపించెను. మురుగుకాలువలు, చెత్తకుప్పలు, ఆక్రమణలు, ఆహారశాలలు క్రమముగ బాగుపడినవి. కార్మికులు నివసించు మురికివాడలకును కాలిబాటలు, నీరు, మరుగుదొడ్లు వచ్చినవి. రెండేండ్లు గడవకముందే దేశమున మిక్కిలి పరిశుభ్రమైన నగరములలో నొకటిగ సూరతు పేరు పొందెను. ఎలుక రోగమును మోయును. దాని కా సంగతి తెలియదు. మనుష్యుడు గడచిన రోగమును తలచుకొని, రాబోవు రోగము నూహించి, ఇంకను పుట్టని బిడ్డకొఱకు కాలువ త్రవ్వగలడు. రోగమునకు వాడభేదము లేదు గాన ధనికుని యారోగ్యము కూలివాని వీధిలో నున్నదని నగరము ఆ సంవత్సరములలో నేర్చుకొనెను. మానవధర్మసభ నూటయేబదియేండ్లకు పూర్వము వాదముతో చెప్పినదానిని ఒక సూక్ష్మక్రిమి భయముతో చెప్పినది.

సూరతు పాంజరాపోళ్ నేటికిని కలదు. ఆ నగరపు మగ్గములవద్ద తెలంగాణమునుండి తరములుగా వలసవచ్చిన మన పద్మశాలీలు నేటికిని కలరు. తెలుగు పండుగలు తాపీతీరమున జరుగుచున్నవి. వారిని ఆ నగరము ‘తనవారు’ అనునా, ‘పరదేశులు’ అనునా? మన హైదరాబాదులో ఇటుకలు మోయు ఒడియావానిని, బిహారువానిని మన మేమందుము? ఈ ప్రశ్న ఏ జంతువును వేసికొనదు. వేసికొనుట మానినచో మనమును ఆ మేరకు మనుష్యత్వమును కోల్పోవుదుము.

ఫోర్బ్సు చూచిన ముసలి తాబేలు వయస్సు నేటికిని గ్రంథమున నిలిచియున్నది. ఆ వైద్యశాలలో కూలికి నల్లుల మంచముపై పరుండిన బీదవాని పేరును ఓవింగ్టనును వ్రాయలేదు, ఫోర్బ్సును వ్రాయలేదు. నడిపిన వణిజులు అతని పేరు నడిగిరో లేదో! అతనికిని ఒక యిల్లు, ఆ యింట అతని కూలికై యెదురుచూచిన వా రుండియుందురు. మానవధర్మ మెచ్చట మొదలగునని నన్నెవరైన అడిగినచో, ఆ మంచమువద్ద నిలిచి అతని పేరు అడుగుటతో మొదలగునని చెప్పుదును.